ఎనిమిది దాకా లెక్క

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
టైర్లకు గాలి పట్టే కొట్టు మీద
మూడు గోడల సున్నం, ఒక గోడ అద్దం,
అదీ నా స్టూడియో.
షట్టర్లు దించమని మైకు బండి అరుచుకుంటూ పోయిన రోజుకి
అద్దం మీద ఇంకా పదకొండు కంతులు.

తాళం వేశాక తెలిసింది
అద్దె తాళాన్ని చూసి ఆగదని.

మొదటి నెల ఫోన్లో నేర్పాను.
బియ్యం డబ్బాకు ఆనించిన ఫోను
నేను గెంతినప్పుడల్లా బోర్లా పడేది.
అటు పక్క పన్నెండు చిన్న కిటికీలు.
ఒకదాంట్లో రాజసులోచన మోకాళ్లు మాత్రమే,
ఒకదాంట్లో ఎవరిదో తెలీని సీలింగు ఫ్యాను.
దిల్లీరాణి చేతికొకటి నూనె ప్యాకెట్టు పట్టుకుని
ఎత్తుతూ ఎత్తుతూ ఉంటే ఒకటి చిట్లింది.
ఆ రోజు అందరి పొట్టలకూ నవ్వే కసరత్తు.

రెండో నెలకు పన్నెండు ఏడయ్యాయి.
ఫీజు అడుగుదామని టైపు చేసి
చెరిపేసి
"రేపు పొట్టకు" అని పంపాను.
అబద్ధమేం కాదు,
పొట్టకే కదా.

సామాన్లు తుప్పు పట్టడమెందుకని తలా ఒకటి ఇచ్చేశాను.
అయిదు కిలోల డంబెల్ నదియా వాళ్లింట్లో తలుపుకు అడ్డం.
పది కిలోల ప్లేటు రాజసులోచన ఊరగాయ జాడీ మీద.
"ముక్క బాగా అణిగింది మేడం" అని ఫొటో కూడా.
చాపలు రెండు ఎవరి మిద్దె మీదో
తోతాపురి తాండ్ర కింద ఎండాయి.
ఎన్నిసార్లు కడిగినా
ఇప్పటికీ శవాసనంలో మామిడి వాసన.

ఓనరు దొరసామి నాయుడు మెట్ల కింద నిలబడి,
మాస్కు గడ్డం కిందికి లాక్కుని,
"నేనేం రాక్షసుణ్ణా మే, సగమియ్యి చాలు.
మా ఆడామెకు మోకాళ్ల నొప్పి,
మిగతా సగం అట్ల తీర్చు" అన్నాడు.
తీర్చాను. వరండా ఈ చివర నేను,
ఆ చివర కుర్చీలో ఆమె,
మధ్యలో అనుమానంగా చూసే పిల్లి.

రెండో ఏడు మే నెల.
అప్పటికి ఇల్లు ఖాళీ చేసి
స్టూడియోలోనే పడుకుంటున్నాను.
రాత్రి రెండున్నరకు ఫోను,
పెద్దాసుపత్రి నుంచి, జాకెట్లు కుట్టే మోహనాంబ.
మాట లేదు.
గాలి కోసం తడుముకునే చప్పుడు.
నాకు మందులు తెలీవు,
బెడ్లు ఇప్పించేవాళ్లెవరూ తెలీరు.
తెలిసిన విద్య ఒకటే, లెక్క.
"బోర్లా తిరుగు అక్కా. నాతోపాటు.
ఒకటి...
రెండు..."
మూడు దగ్గర తెగేది.
మళ్లీ ఒకటి.

పదేళ్లుగా ఎనిమిది దాకా లెక్కపెట్టినదాన్ని,
ఇంకొక్కటి, ఇంకొక్కటే అని
అరిచి చెమట పిండినదాన్ని,
మూడు తర్వాత నాలుగుందని
ఆ రాత్రి నాకే గట్టిగా తెలీలేదు.
కింద కొట్లో గాలి మిషను తాళంలో ఉంది.
ఊరు ఊరంతా గాలి కోసం క్యూలో ఉంది.
చీకట్లో అద్దం ముందు
నేను చూడని నేను
వేళ్లు ముడుస్తూ, విప్పుతూ.

పాల బండి హారన్ మోగాక ఎప్పుడో
నాలుగు వినబడింది.

తిరిగి తెరిచినప్పుడు నేలంతా పసుప్పచ్చ సున్నాలు గీశాను,
మనిషికో సున్నా.
అయిదుగురే వచ్చారు.
కొన్నాళ్లకు మోహనాంబ,
ఇరవై రెండు మెట్లకు మూడుసార్లు ఆగి,
కిటికీ పక్క సున్నాలో నిలబడింది.
నాలుగు దగ్గర చేతులు దించేసింది.
అద్దంలో చూసి
అందరూ దించారు.
నేనేం చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు,
"అన్ని చోట్లా ఎనిమిది కదా మేడం?"
ఇక్కడ రెండు నాలుగులమ్మా,
మధ్యలో ఊపిరి.

అద్దం మీద ఇంకా మూడు కంతులు.
పది కిలోల ప్లేటు తిరిగి రాలేదు,
నేనూ అడగలేదు.
ఊరగాయ మాత్రం
ఏటా ఒక సీసా వస్తోంది.